కూర్మన్నపాలెంలో ప్రోగ్రామింగ్ శిక్షణ: ఎవరి షరతుల మీద?

స్త్రీలకు కంప్యూటర్ నేర్పిస్తామని ఎవరైనా ముందుకొచ్చినప్పుడు మన సంస్థల్లో సాధారణంగా రెండు రకాల స్పందనలు వస్తాయి. ఒకటి కృతజ్ఞత. కుట్టుమిషన్లు, అప్పడాలు, కొవ్వొత్తులు దాటి ఇప్పటికైనా కంప్యూటర్ దాకా వచ్చారు కదా, కాదనటం ఎందుకు అనే ధోరణి. రెండోది అనుమానం. బస్తీ ఆడవాళ్ళకి నీళ్ళూ రేషనూ సమస్యలైతే ప్రోగ్రామింగేమిటి, ఇదంతా పై తరగతుల గోల అనే ధోరణి. చూడటానికి ఎదురెదురుగా కనిపించే ఈ రెండూ కంప్యూటర్‌ని ఒక వస్తువుగానే చూస్తున్నాయి. ఇస్తే పుచ్చుకునేది, లేదా వద్దనేది. అది ఒక పని అనీ, అన్ని పనులకూ ఉన్నట్టే దానికీ కూలీ, పనిగంటలు, అజమాయిషీ, శ్రమ విభజన ఉంటాయనీ, వాటిమీద బేరమాడాల్సిన బాధ్యత మనదేననీ రెండూ మర్చిపోతున్నాయి.

కూర్మన్నపాలెం, దువ్వాడ, అగనంపూడి, వడ్లపూడి పరిసరాల స్త్రీల కోసం, పనిచోటే, జట్లుగా, చేత్తో పనిచేస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకునే శిక్షణ ఒకటి మొదలుకావాలని నేను గట్టిగా అంటున్నాను. అందుకోసం స్త్రీల సంఘాలూ కార్మిక సంఘాలూ కలిసి ఒత్తిడి తేవాలని కూడా అంటున్నాను. కానీ అది ఎలాంటి శిక్షణ, ఎవరి షరతుల మీద నడిచే శిక్షణ అన్నది తేల్చుకోకుండా "ముందు మొదలైతే చాలు" అనుకుంటే మాత్రం మనం మరో సర్టిఫికెట్ల దుకాణానికి అరుగు కట్టిపెట్టిన వాళ్ళమవుతాం.

కూర్మన్నపాలెమే ఎందుకు? ఉక్కు కర్మాగారం ముఖద్వారం అక్కడుంది కాబట్టి. ఆ ద్వారం లోపలికి ఎవరు ఏ హోదాలో వెళ్ళారన్నది ఈ ప్రాంతపు స్త్రీల చరిత్ర కాబట్టి. 1966 నాటి ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్లో కేంద్రం ఒప్పుకుంది, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టులో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మనం గర్వంగా చెప్పుకునే ఈ తేదీల మధ్యలో 64 గ్రామాలు లేచిపోయాయి. ఇళ్ళూ భూములూ ఇచ్చిన కుటుంబాలకు పునరావాస కార్డులిచ్చారు. వీటినే ఇక్కడ ఆర్ కార్డులంటారు. ఉద్యోగం మాత్రం కుటుంబానికి ఒకటి అన్నారు. ఆ ఒక్కటి కూడా వేల కుటుంబాలకు అందలేదు. అందిన చోట, కుటుంబానికి ఒక ఉద్యోగం అంటే ఆచరణలో కుటుంబంలో ఒక మగవాడికి ఉద్యోగం అయింది. పట్టా భర్త పేరునో మామ పేరునో ఉంది. జీడితోటల్లో, మెరకచేలల్లో, పశువుల దగ్గర, చేపల గంప కింద స్త్రీ చేసిన పని ఏ నష్టపరిహారం లెక్కలోకీ రాలేదు. ఆ స్త్రీలే తర్వాత ఉక్కునగరం క్వార్టర్లలో పాచిపనికి, కాంట్రాక్టర్ల కింద ఊడ్పు పనికి అదే ద్వారంలోంచి గేటు పాసులతో లోపలికి వెళ్ళారు. పునరావాసం గురించి మనవాళ్ళు రాసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఈ గేటు పాసుల గురించి రాసినవి మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు.

ఇప్పుడు ఆ ఒక్క ఉద్యోగానికే దిక్కులేదు. 2021 జనవరిలో కర్మాగారాన్ని నూటికి నూరు శాతం అమ్మెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. ఆ ఏడాదిలోనే కాంట్రాక్టు కార్మికులను పెద్ద ఎత్తున తగ్గించటం మొదలైంది, దానిమీద సమ్మెలూ జరిగాయి. ఇంట్లో మగవాడి కాంట్రాక్టు పని పోగానే ఆ ఇంటి ఆడపిల్ల చదువు ఎక్కడ ఆగుతుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఆమెకు మిగిలే దారులు మనకు తెలిసినవే. దువ్వాడలో 1989లో ఎగుమతుల మండలంగా ప్రకటించి తర్వాత ప్రత్యేక ఆర్థిక మండలంగా మార్చిన ఆవరణ ఒకటి. అచ్యుతాపురంలో వేలమంది స్త్రీలు లోదుస్తులు కుట్టే దుస్తుల నగరం ఒకటి. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి వందలమంది స్త్రీలు ఆస్పత్రుల పాలైంది అక్కడే.

నగరానికి అటు కొసన మరో కథ నడుస్తోంది. 2025 ఏప్రిల్లో రుషికొండ ఐటీ కొండమీద 21.16 ఎకరాలను టీసీఎస్‌కి 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. 12 వేల ఉద్యోగాలొస్తాయన్నారు. అదే ఏడాది జూలైలో అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా తొలగిస్తున్నట్టు ప్రకటించింది. ఒకదానికీ ఒకదానికీ సంబంధం ఉందని నేననటం లేదు. రాబోయే ఉద్యోగాల అంకె ఒక్కటే చూసి సంబరపడే అలవాటు మానుకుందామంటున్నాను. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. భూమి తీసుకున్నప్పుడు అరవై నాలుగు ఊళ్ళు ఇల్లిల్లూ లెక్కపెట్టుకోగలిగిన ప్రభుత్వం, భూమి ఇచ్చినప్పుడు మాత్రం "ఇందులో ఎంతమంది స్త్రీలకు, ఏ కాలనీల స్త్రీలకు, ఏ శిక్షణ ఇస్తారు?" అని అడగటానికి నోరు మెదపదు. మనమూ అడగలేదు. 99 పైసల ధర మీద వార్తల్లో వాదోపవాదాలు జరిగినన్నాళ్ళు ఏ స్త్రీల సంస్థా ఈ ప్రశ్నతో వీధిలోకి రాలేదు.

ఇప్పటికే ఎన్నో శిక్షణలున్నాయి కదా అని అడిగేవాళ్ళున్నారు. ఉన్నాయి. ఐటీఐలలో కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ అనే ఏడాది కోర్సుంది. కోపా అంటారు. పదో తరగతి పాసైతే చాలు. ప్రోగ్రామింగ్‌కి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నదనటానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు. పాఠ్యప్రణాళికలో వెబ్ పేజీలు, జావాస్క్రిప్ట్, డేటాబేస్‌లు కూడా ఉన్నాయి. కానీ ఆ కోర్సు పేరులో సగం ఆపరేటర్, సగం ప్రోగ్రామింగ్ అసిస్టెంట్. ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి మొదటి సగమే మిగులుతుంది. టైపింగు, ఎక్సెల్ షీటు, జెరాక్స్ సెంటర్లో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే పని. ఇంకోవైపు, గన్నవరంలో క్యాంపస్ ఉన్న హెచ్‌సీఎల్ ఇంటర్ పాసైనవాళ్ళకి టెక్‌బీ పేరుతో శిక్షణ ఇస్తోంది. శిక్షణలో స్టైపెండు, తర్వాత ఉద్యోగం ఉన్నాయి, అది మంచిదే. కానీ ఫీజుంది, లెక్కలు చదివుండాలి, ఇటీవలే ఇంటర్ దాటినవాళ్ళై ఉండాలి. పద్దెనిమిదికే పెళ్ళై, ఇరవైనాలుగేళ్ళకి ఇద్దరు పిల్లలతో వడ్లపూడి కాలనీలో ఉన్న స్త్రీ ఆ తలుపు దగ్గరికే పోలేదు.

ఇక అమీర్‌పేట. తెలుగువాళ్ళు ప్రోగ్రామింగ్ నేర్చుకున్న అసలు విశ్వవిద్యాలయం అదే. హైదరాబాదులో ఆ నాలుగు వీధుల గురించి హాస్యంగా మాట్లాడుకుంటాం గానీ, అక్కడికి డబ్బెక్కడినుంచి వచ్చిందని అడగం. చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో వెలువడ్డ తన పుస్తకంలో తెలుగు సాఫ్ట్‌వేర్ కూలీల విదేశీ ప్రయాణాలను పరిశీలించి, ఆ మొత్తం ఏర్పాటుకి కట్నం ఒక పెట్టుబడిలా ఎలా పనిచేసిందో చూపించాడు. కొడుకు కోర్సుకీ, వీసాకీ, ఏజెంటుకీ అయిన ఖర్చు కోడలి పుట్టింటినుంచి రాబట్టటం, విదేశీ ఉద్యోగం చూపించి కట్నం రేటు పెంచటం మనం ఎరిగున్నదే. అంటే తెలుగునాట ప్రోగ్రామింగ్ శిక్షణ ఖర్చులో స్త్రీల వాటా ఎప్పుడూ ఉంది. ఆ శిక్షణలో స్త్రీల వాటా ఎంత అన్నదే ప్రశ్న.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆడపిల్లలు చాలామంది చేరారు, నిజమే. కానీ ల్యాబులో ఏం జరుగుతుంది? ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురు నలుగురు బ్యాచి. కీబోర్డు అబ్బాయి ముందుంటుంది. "నీ రైటింగ్ బాగుంటుంది కదా, నువ్వు రికార్డు రాయి" అంటారు అమ్మాయిని. ఆమె అందంగా, మార్జిన్లు కొట్టి, నలుగురి రికార్డూ రాస్తుంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొంటారు. అందులోనూ నివేదిక టైపు చేసేది ఆమే. నాలుగేళ్ళ తర్వాత ఇద్దరికీ ఒకే డిగ్రీ వస్తుంది గానీ, ఒకరి వేళ్ళకు పని తెలుసు, ఇంకొకరి వేళ్ళకు పని గురించి రాయటం తెలుసు. తర్వాత ఇంటర్వ్యూలో "అమ్మాయిలకు కోడింగ్ కంటే టెస్టింగూ డాక్యుమెంటేషనూ సరిపోతాయి" అని సహజగుణంలాగా తేల్చేస్తారు. శ్రమ విభజన అనే మాటకి పాఠ్యపుస్తకాల్లో వెతుక్కోనక్కర్లేదు. మీకు దగ్గర్లో ఉన్న ఏ కాలేజీ ల్యాబులోకైనా ఒక మధ్యాహ్నం వెళ్ళి చూడండి.

అందుకే "జట్టుగా నేర్చుకోవటం" అనే మాట వినగానే మురిసిపోకూడదు. జట్టు అనేది సమానుల కూటమి అని ఎవరూ హామీ ఇవ్వలేదు. మన సమాజంలో ఉమ్మడి కుటుంబం కూడా జట్టే, అందులో వంట ఎవరిదో మనకు తెలుసు. జట్టులో పని ఎలా పంచుకోవాలన్నది రాతపూర్వకంగా, గడియారం పెట్టి నిర్ణయించినప్పుడే అది స్త్రీలకు పనికొస్తుంది. ప్రోగ్రామర్లలో ఇద్దరు కూర్చుని ఒకే యంత్రం మీద పనిచేసే పద్ధతి ఒకటుంది. ఒకరు రాస్తారు, రెండోవారు చూస్తూ ఆలోచిస్తారు, తప్పులు పట్టుకుంటారు. నిర్ణీత సమయానికి చోట్లు మారాలి. ఈ మారటమనేదే ప్రాణం. ఇరవై నిమిషాలకోసారి కీబోర్డు చేతులు మారాలి. నివేదిక రాసే పని వారానికోసారి మారాలి. బయటివాళ్ళ ముందు మాట్లాడే పని మారాలి. చీపురు పట్టే పని కూడా మారాలి. ఎవరు ఏ భాగం రాశారో, ఎవరు సరిదిద్దారో నమోదయ్యే సాధనాలు ఇవాళ ప్రోగ్రామర్లందరూ వాడుతున్నారు. అది మనకు అనుకూలమైన విషయం. ఉమ్మడి పనిలో స్త్రీ చేసిన భాగం మాయమైపోకుండా ఒక దస్తావేజు మిగులుతుంది.

అలా మాయమైపోయిన చరిత్ర ఈ రంగం పుట్టుకలోనే ఉంది. 1945లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ని నడిపించటానికి ఆరుగురు స్త్రీలను ఎంపిక చేశారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. అంతకుముందు వాళ్ళు సైన్యానికి ఫిరంగి గుళ్ళ మార్గాలను చేత్తో లెక్కగట్టే ఉద్యోగులు. ప్రోగ్రామింగ్ పుస్తకాలు లేవు, నేర్పేవాళ్ళు లేరు, మొదట్లో యంత్రం ఉన్న గదిలోకి వెళ్ళటానికి అనుమతి కూడా లేదు. చేతికిచ్చింది యంత్రపు పటాలు. వాటిని ముందు పెట్టుకుని, ఇంజనీర్లను అడుగుతూ, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటూ నేర్చుకున్నారు. అంటే ఇవాళ మనం కొత్తగా ప్రతిపాదిస్తున్నామనుకుంటున్న పనిచోటి శిక్షణ, జట్టు శిక్షణ, ఈ పని పుట్టినప్పటి పద్ధతే. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని లోకానికి చూపించారు. ఆ ప్రదర్శనకు ప్రోగ్రామ్ రాసింది ఈ స్త్రీలే. ఆ రాత్రి విందుకి మాత్రం వాళ్ళను పిలవలేదు. ఫోటోల్లో ఉన్న ఆడవాళ్ళు ఎవరని దశాబ్దాలపాటు ఎవరూ అడగలేదు.

పని హోదా పెరిగేకొద్దీ స్త్రీలను తప్పించే ఏర్పాట్లూ పెరిగాయి. 1960లలో అమెరికన్ కంపెనీలు ప్రోగ్రామర్లను ఎంచటానికి మనస్తత్వ పరీక్షలు పెట్టాయి. కేనన్, పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1966లో ప్రోగ్రామర్లకు మనుషుల పట్ల ఆసక్తి తక్కువని తేల్చారు. ఇక ఆ లక్షణం ఉన్నవాళ్ళనే వెతకటం మొదలైంది. చుట్టూ మనుషుల్ని చూసుకోక తప్పని జీవితం ఉన్న స్త్రీ ఆ పరీక్షలో ఎక్కడ నెగ్గుతుంది? అదే దశాబ్దంలో ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ దీనికి ఎదురు నడిచింది. 1962లో, పిల్లలు పుట్టాక ఉద్యోగాలు మానుకోవలసి వచ్చిన స్త్రీ ప్రోగ్రామర్లతో కంపెనీ పెట్టింది. ఉత్తరాల కింద స్టెఫనీ అని సంతకం చేస్తే జవాబు రాదని స్టీవ్ అని సంతకం చేసింది. మొదటి మూడువందల మందిలో ముగ్గురు తప్ప అందరూ స్త్రీలే. ఇంటినుంచి పని అనే ఆ ఏర్పాటులో ఇంటిచాకిరీ ఎవరి నెత్తిన ఉండిపోయిందన్న విమర్శ నాకూ ఉంది. అయినా పిల్లల తల్లులకు ఈ పని రాదన్న మాటకి సమాధానం మాత్రం అరవయ్యేళ్ళ క్రితమే దొరికింది.

సరే, అమెరికా ఇంగ్లండుల సంగతి ఎందుకు, మన నెల్లూరు జిల్లా దూబగుంట చాలదా? 1991 అక్షరాస్యతా ఉద్యమంలో వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు భర్త వల్ల ఒక స్త్రీ పడే బాధ ఆ పాఠం. రాత్రి బడిలో ఆ పాఠం చదువుకున్న స్త్రీలు కథ దగ్గర ఆగలేదు, సారా దుకాణం దగ్గరికి నడిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. ప్రభుత్వం చేసిన ఇంకో పని ఏమిటంటే, ఆ పాఠాన్ని వాచకంలోంచి తీసెయ్యటం. పాఠంలో ఏముంది అన్నది ఎంత ప్రమాదకరమైన సంగతో ప్రభుత్వానికి మనకంటే ముందే అర్థమైంది. కాబట్టి ప్రోగ్రామింగ్ శిక్షణలో పాఠం ఏమిటన్నది సాంకేతిక నిపుణులకు వదిలెయ్యకూడదు.

ఇప్పటి కోర్సుల్లో పాఠం ఏమిటి? బ్యాంకు ఖాతా ఉదాహరణ, హోటలు బుకింగ్ ఉదాహరణ, షాపింగ్ వెబ్‌సైటు ఉదాహరణ. విమానం టిక్కెట్టు ఎన్నడూ కొనని స్త్రీ చేత విమానం టిక్కెట్ల ప్రోగ్రామ్ రాయిస్తారు. రాకపోతే ఆమెకు తర్కం లేదంటారు. దీనికి బదులు కాంట్రాక్టు కార్మికుల మస్టరు తీసుకోండి. ఉక్కు గేటు దగ్గర పనిచేసే ఏ స్త్రీనైనా అడగండి, ఇరవయ్యారు రోజులు పనిచేస్తే ఇరవైరెండు రోజుల హాజరు ఎలా అవుతుందో, పండగ సెలవు నాగాగా ఎలా మారుతుందో, పీఎఫ్ కింద పన్నెండు శాతం కోసుకుని ఖాతాలో కట్టకపోతే ఎన్నాళ్ళకి తెలుస్తుందో, కాంట్రాక్టరు పేరు మారగానే పాత లెక్క ఎక్కడికి పోతుందో పూసగుచ్చినట్టు చెబుతుంది. "హాజరెయ్యకపోతే మనమేటి సేస్తాం" అని ఊరుకోవటం అలవాటైంది గానీ, సంగతి తెలియక కాదు. ఈ షరతులను ఒక్కొక్కటిగా విడదీసి, ఇలా అయితే ఇది, కాకపోతే అది అని రాసుకోవటమే ప్రోగ్రామింగ్‌లో సగం. సమస్యను ఆసాంతం తెలిసినవాళ్ళు ఒకవైపు, కోడు తెలిసినవాళ్ళు ఇంకోవైపు ఉండటమే ఇవాళ సాఫ్ట్‌వేర్ వైఫల్యాలకు పెద్ద కారణం. మన జట్టులో సమస్య తెలిసిన మనిషే కోడు నేర్చుకుంటుంది. డ్వాక్రా సంఘాల్లో పొదుపు, అప్పు, వడ్డీ, వాయిదా, మళ్ళింపు లెక్కలు పుస్తకాల్లో రాసే స్త్రీలు ఈ ప్రాంతంలో వందలమంది ఉన్నారు. వాళ్ళను ఇంకా "చదువురానివాళ్ళు, అవగాహన కల్పించాలి" అని మన నివేదికల్లోనే రాస్తున్నాం.

అలాంటి పాఠానికి ఏ కంపెనీ ఒప్పుకుంటుందని నన్ను అడగొచ్చు. మస్టరు మోసాన్ని పట్టుకునే ప్రోగ్రామ్‌ని కాంట్రాక్టర్ల ఆవరణలో ఎవరు రాయనిస్తారు? ఈ అభ్యంతరం నిజమైనది. అందుకే శిక్షణలో కొంత కాలం కంపెనీలో, కొంత కాలం కార్మిక సంఘం ఆఫీసులోనో స్త్రీల సంఘం సమాఖ్యలోనో ఉండాలి. రెండూ పనిచోట్లే. కంపెనీ నేర్పేది కంపెనీ దగ్గర నేర్చుకుంటుంది, కంపెనీ నేర్పనిది ఇక్కడ నేర్చుకుంటుంది.

మరో అభ్యంతరం ఇంకా కొత్తది. ఇప్పుడు కోడు కూడా యంత్రమే రాస్తోంది, ఇప్పుడా మీరు ఆడవాళ్ళకి నేర్పేది అని. కొత్తగా చేరేవాళ్ళ పనిని కృత్రిమ మేధ మింగుతోందన్న మాట కొట్టిపారెయ్యలేం. కానీ దాన్నుంచి రావలసిన ముగింపు వేరు. "శిక్షణ తీసుకో, తర్వాత ఉద్యోగం ఇస్తాం" అనే వాగ్దానం ఇదివరకటి కంటే ఇంకా బలహీనపడింది. కాబట్టి రేపటి ఉద్యోగం పేరుతో ఇవాళ ఉచితంగా పనిచేయించుకోనివ్వకూడదు. శిక్షణ కాలంలో చేతికొచ్చే డబ్బు ఎంత అన్నదే మొదటి ప్రశ్న కావాలి. పైగా యంత్రం రాసింది సరిగా ఉందో లేదో చూడటానికైనా, ఏం రాయాలో దానికి చెప్పటానికైనా పని తెలిసిన మనిషే కావాలి. ఆ మనిషి ఎప్పుడూ పై కులపు, పట్నపు, ఇంగ్లీషు చదువుల మనిషే ఎందుకవ్వాలి? పేద స్త్రీలకు మిగిల్చింది ఆ యంత్రాలకు బొమ్మలు చూపించి పేర్లు పెట్టే చిల్లర పని. రోజుకు వేల బొమ్మలు, బొమ్మకింత కూలీ. బీడీలు చుట్టించిన పద్ధతే.

డబ్బు దగ్గరకొస్తే చట్టం సంగతి తెలుసుకోవాలి. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికురాలు కాదు. కార్మిక చట్టాలు ఆమెకు వర్తించవని 18వ సెక్షన్ చెబుతోంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కార్మిక కోడ్‌లలోనూ కార్మికుల నిర్వచనం నుంచి అప్రెంటిస్‌ను మినహాయించారు. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. స్టైపెండు 2019 నిబంధనల్లో పదో తరగతివాళ్ళకి నెలకు 6 వేలు, డిగ్రీవాళ్ళకి 9 వేలు కనీసంగా పెట్టారు. గాజువాక చుట్టుపక్కల ఇంటి అద్దెలు తెలిసినవాళ్ళు ఆ ఆరు వేలలో ఏం మిగులుతుందో లెక్కగట్టుకోవచ్చు. అయితే అవే నిబంధనల్లో మనకు పనికొచ్చేది కూడా ఒకటుంది. 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఇది ఐటీ కంపెనీకీ వర్తిస్తుంది, దువ్వాడ మండలానికీ వర్తిస్తుంది. 99 పైసల భూమి తీసుకున్న కంపెనీ ఈ శాతం పాటించి తీరాలని, అందులో సగం స్త్రీలు ఉండాలని, నిర్వాసిత కాలనీల వాళ్ళకి మొదటి అవకాశం ఇవ్వాలని అడగటానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒప్పందంలో ఒక షరతు చాలు.

మరో చట్టం మనం పోరాడి తెచ్చుకున్నదే. 1997 విశాఖ తీర్పు, ఆ తర్వాత 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం. (ఆ తీర్పులోని విశాఖ మన ఊరు కాదు, జైపూర్‌లోని స్త్రీల సంస్థ. రాజస్థాన్ కార్యకర్త భన్వరీ దేవిపై జరిగిన అత్యాచారం దానికి నేపథ్యం. ఊరి పేరు కలిసిందని మన వక్తలు తికమక పడుతుంటారు కనుక చెబుతున్నాను.) కార్మిక చట్టాలు కాదన్న అప్రెంటిస్‌ను ఈ చట్టం కాదనలేదు. ఉద్యోగిని నిర్వచనంలో శిక్షణార్థినీ, అప్రెంటిస్‌నూ, కాంట్రాక్టు కార్మికురాలినీ పేరుపెట్టి మరీ చేర్చారు. జట్టుగా, పక్కపక్కన కూర్చుని, సాయంత్రం పొద్దుపోయేదాకా పనిచేసే శిక్షణలో ఇది అలంకారం కాదు. మార్కులు వేసే మనిషి చేతిలోనే సర్టిఫికెట్టు, ఉద్యోగం సిఫారసు కూడా ఉంటాయి. కాబట్టి అంతర్గత కమిటీలో మన సంస్థల నుంచి ఒక సభ్యురాలు ఉండాలి. ఫిర్యాదు చేసిన శిక్షణార్థిని జట్టు మార్చాల్సి వస్తే మారాల్సింది ఆమె కాదు, అవతలి మనిషి. ఈ సంగతి కోర్సు మొదలయ్యే ముందే కాగితం మీద ఉండాలి.

శిక్షణ ఎక్కడ జరగాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. రుషికొండ కూర్మన్నపాలేనికి దాదాపు ముప్పై కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు, చాలా మంచి పని. టిక్కెట్టు తప్పింది గానీ గాజువాక, ఎన్ఏడీ కూడళ్ళలో ట్రాఫిక్ తప్పలేదు. రానూపోనూ మూడు గంటలు బస్సులో, తెల్లవారుజామున వంట, వచ్చాక మళ్ళీ వంట. అలాంటి స్త్రీ మూడో నెలలో మానేస్తే "మోటివేషన్ లేదు" అని రిజిస్టరులో రాస్తారు. శిక్షణ ఇక్కడే, కూర్మన్నపాలెం దువ్వాడల మధ్యే, పగటిపూటే జరగాలి. పిల్లల్ని చూసుకునే చోటు అదే ఆవరణలో ఉండాలి. యాభై మంది ఉద్యోగులుంటేనే క్రెష్ పెట్టాలని చట్టం, అప్రెంటిస్‌లు ఆ లెక్కలోకి రారని యాజమాన్యం అంటుంది. ముందే ఊహించి అడ్డుకట్ట వెయ్యాల్సిన వాదన ఇది.

ఎంపిక విషయంలో మనలో మనకే గొడవ వస్తుందని నాకు తెలుసు. ఇంగ్లీషు పరీక్ష పెడితే ఉక్కునగరంలో పెద్ద బళ్ళలో చదివిన ఉద్యోగుల కూతుళ్ళు నిండిపోతారు, నిర్వాసిత కాలనీల దళిత, మత్స్యకార, వెనుకబడిన కులాల స్త్రీలు తలుపు బయట ఉంటారు. వాళ్ళూ స్త్రీలే కదా, వివక్ష ఎందుకు అని మన సమావేశాల్లోనే ఒకరు లేచి అడుగుతారు. "స్త్రీలు" అనే ఒక్క మాట కింద అందరినీ కలిపేస్తే లాభం ఎవరికి చేరుతుందో దళిత స్త్రీలు మనకు ముప్పయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు దాదాపు 49 మంది. ఆ ఇరవయ్యొక్కరిలోంచే ఎంపిక చేస్తామంటే కుదరదు. ప్రోగ్రామింగ్ భాషల్లో ఉండే ఇంగ్లీషు మాటలు నాలుగైదు డజన్లకు మించవు, అవి పనిచేస్తూ వస్తాయి. ఆలోచన, చర్చ, తప్పొప్పుల విచారణ తెలుగులో జరగాలి. ఈ ప్రాంతపు తెలుగులో, నవ్వకుండా.

బాండ్లు రాయించుకోకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోకూడదు. ఈ రెంటిమీద చర్చ కూడా అనవసరం.

ఇవన్నీ అడిగితే కంపెనీలు పారిపోతాయని మన స్వచ్ఛంద సంస్థల మిత్రులు భయపడుతున్నారు. దాతలకు మూడునెలలకోసారి అంకెలు పంపాలి. ఎంతమందికి శిక్షణ, ఎంతమందికి ప్లేస్‌మెంట్ అనే రెండు గళ్ళు నింపాలి. నాకు ఆ ఒత్తిడి అర్థమవుతుంది. కానీ ఆ రెండు గళ్ళ కోసం మూడు నెలల ఉచిత కోర్సు పెట్టి, రెండువందల మందికి సర్టిఫికెట్లిచ్చి, ఇరవైమందిని కాల్‌సెంటర్ రాత్రి షిఫ్టుల్లో చేర్చి దాన్ని సాధికారత అనటం కంటే, పన్నెండుమందికి ఏడాదిన్నరపాటు కూలీ ఇచ్చి పని నేర్పటం మేలు. ఆ పన్నెండుమందిలో ఇద్దరు మళ్ళీ నేర్పేవాళ్ళుగా ఉండాలి, రెండో జట్టుకు వాళ్ళే గురువులు కావాలి. ఐదేళ్ళూ బయటి నిపుణుడే వచ్చి నేర్పే శిక్షణ, ఆ నిపుణుడికి ఉద్యోగం కల్పించే పథకం తప్ప మరొకటి కాదు.

మొదటి పని మనం రేపే చెయ్యొచ్చు. నగరంలోని ఐటీ కంపెనీల్లో, దువ్వాడ మండలంలోని యూనిట్లలో, ఉక్కు కర్మాగారంలో గత మూడేళ్ళలో ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకున్నారు, అందులో స్త్రీలెంతమంది, ఏ ట్రేడుల్లో, ఎంత స్టైపెండుతో అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద అప్రెంటిస్‌షిప్ వ్యవహారాలు చూసే అధికారుల నుంచి, ఉక్కు యాజమాన్యం నుంచి అడగాలి. భూకేటాయింపు ఒప్పందాల్లో శిక్షణ గురించి ఏం రాశారో ఆ కాగితాలూ అడగాలి. నిర్వాసిత సంఘాలతో, కాంట్రాక్టు కార్మికుల సంఘాలతో కూర్చుని దరఖాస్తులు తయారుచేద్దాం. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ కాలనీల్లో డ్వాక్రా లెక్కలు రాసే స్త్రీల పేర్లు సేకరించటం కూడా అదే వారంలో మొదలుపెట్టాలి. దరఖాస్తుకి ముప్పై రోజుల గడువుంది, ఈలోగా ఆ జాబితా పూర్తవుతుంది.